కాటా మీద నీళ్లు, గ్రేటు మీద ఇసుక

విద్యుత్ కేంద్రంలో పనిచేశానని చెబితే చాలామంది నన్ను టర్బైన్ పక్కన ఊహించుకుంటారు. టర్బైన్ హాల్లోకి నేను వెళ్లింది ఏటా ఆయుధపూజ రోజున ప్రసాదం కోసమే. నా బల్ల లారీ కాటా పక్కన రేకుల గదిలో ఉండేది. ప్రకాశం జిల్లాలో 6 మెగావాట్ల బయోమాస్ కేంద్రం అది, అంటే కట్టె, ఊక, పంట వ్యర్థాలు కాల్చి కరెంటు తీసేది. ఇంధనం యార్డు నా బాధ్యత. అడవుల నుంచి, పొలాల నుంచి, చివరికి ఒక పట్టణం చెత్తకుప్ప నుంచి వచ్చిన ప్రతి కట్టే నా గది ముందు తూకమేసుకున్నాకే బాయిలర్ వైపు వెళ్లేది.

చేరిన రోజు బాయిలర్ ఫోర్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూశారు. చెరకు ఫ్యాక్టరీల్లో జీవితమంతా పిప్పి మండించి వచ్చిన పెద్దాయన. బీఎస్సీ కెమిస్ట్రీ అని చెప్పాను. “మంచిదే బాబూ. ఇక్కడ నిప్పు సంగతి నేను చూసుకుంటాను. నీళ్ల సంగతి మీరు చూసుకోండి,” అన్నారు. బాయిలర్‌లో పోసే నీళ్ల గురించేమో అనుకుని, వాటర్ ట్రీట్‌మెంట్ నా పని కాదండీ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

పూర్తి లోడు మీద మా బాయిలర్ గంటకు 8 టన్నులు తినేది. రోజుకు 190 టన్నులు. ఇది పుస్తకంలో చదివినప్పుడు అంకె, యార్డులో నిలబడి చూస్తే దడ. పది టన్నుల లారీలు పంతొమ్మిది రావాలి, ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. ఊక, వేరుశనగ పొట్టు, పత్తి కట్టె, కంది కంప, మిరప కట్టె, పొగాకు కాడలు, జీడిగింజల పొట్టు, ఏ కాలంలో ఏది దొరికితే అది. వీటన్నిటికీ వెన్నెముక మాత్రం సర్కారు తుమ్మ. ఈ చెట్టును జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1870ల చివర కడప జిల్లా కమలాపురంలో నాటారట. వంటచెరకు కరువు తీర్చడానికి తెచ్చిన చెట్టు చెరువుకట్టలు, బీళ్లు, శ్మశానాలు అన్నీ ఆక్రమించింది. నరికితే మొదలు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. రైతులు దాన్ని తిట్టని రోజు లేదు, మాకు అదే అన్నం. లావుపాటి మొద్దులు బొగ్గుల బట్టీల వాళ్లు ఎత్తుకుపోయేవారు. సన్నకట్టె, ముళ్ల కంప మాకు మిగిలేది.

మొదటి గొడవ తుమ్మ దగ్గరే. కాంట్రాక్టరు ఒకాయన పది టన్నుల లారీ తెచ్చాడు. నరికి రెండు రోజులైనా కాని పచ్చి కట్టె. తేమ మీటరు 40 శాతం చూపించింది. మేము ఒప్పుకున్న ధర 25 శాతం తేమకు. లెక్క కష్టమేమీ కాదు. పది టన్నుల్లో నాలుగు టన్నులు నీళ్లు, అసలు కట్టె ఆరు టన్నులు. ఆ ఆరు టన్నుల ఎండు కట్టె 25 శాతం తేమతో వచ్చి ఉంటే కాటా మీద 8 టన్నులు తూగేది. కాబట్టి 8 టన్నులకే డబ్బు.

“కాటా పది చూపిస్తోంది, మీరు ఎనిమిదికి రాస్తున్నారు. మిగతా రెండు టన్నులు ఎవరింట్లో దించుకుంటారు సార్?” అని అడిగాడు. చుట్టూ డ్రైవర్లు నవ్వారు. ఆయన లారీలోంచే కిలో కట్టె తీసి, ముక్కలు చేయించి, ఆయన కళ్లముందే 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. పొద్దున తీసి తూకం వేస్తే ఆరు వందల గ్రాములు చిల్లర. ఆయన చాలాసేపు దాన్ని అరచేతిలో ఎగరేసి చూసుకుని, “మిగతాది మీ పొయ్యి తినేసింది,” అని తేల్చాడు. ఆ ఏడాది ఆ ఓవెన్‌కు ‘తిండిపోతు పొయ్యి’ అనే పేరు స్థిరపడింది.

ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయిన విషయం ఇది. బాగా ఎండిన తుమ్మ కట్టె కిలోకు సుమారు 4,300 కిలోకాలరీల వేడి ఇస్తుంది. సగం నీళ్లున్న కట్టెలో ఆ వేడి సగానికి తగ్గడం ఒక నష్టం. ఆ అరకిలో నీళ్లను ఆవిరి చేయడానికి మరో 300 కిలోకాలరీలు కర్చవుతాయి, ఆ ఆవిరి చిమ్నీలోంచి ఆకాశంలోకి పోతుంది, ఇది రెండో నష్టం. చివరికి చేతికొచ్చేది 1,850 దాకా. అదే కట్టె 25 శాతం తేమతో వస్తే 3,000 దాటుతుంది. అంటే పచ్చి కట్టె కొనడమంటే డబ్బిచ్చి నీళ్లు కొని, వాటిని కాచడానికి మళ్లీ డబ్బు పెట్టి కట్టె కాల్చడం. ఫోర్‌మన్‌గారు మొదటిరోజు అన్నది ఈ నీళ్ల గురించే.

దొంగతనాలు కూడా నీళ్లతోనూ మట్టితోనూ జరిగేవి. ఊక లారీకి మిల్లు దగ్గరే పైపుతో తడి పెట్టడం పాత విద్య. పైన రెండడుగులు పొడిగా ఉండేది, చెయ్యి లోపలికి పెడితే చల్లగా తగిలేది. అందుకే ఐదడుగుల ఇనుప గొట్టం చేయించి లారీ మధ్యలో, అడుగున, రెండు మూలల్లో గుచ్చి నమూనా తీయడం మొదలుపెట్టాను. తుమ్మ మొదళ్లను వేర్లతో సహా పెకలించి తెచ్చేవారు కొందరు. వేళ్ల మధ్య ఇరుక్కున్న మట్టిగడ్డలు, రాళ్లు బరువే కదా. ఒక లారీ అడుగున పొలం గట్టురాయి దొరికింది, సర్వే నంబరు చెక్కి ఉంది. ఎవరి పొలానిదో పాపం.

*

ఊక ధర పెరగడం మొదలయ్యాక అటవీ వ్యర్థాల మీద మాకు ఆశ పుట్టింది. ఒకప్పుడు మిల్లుల వాళ్లు ఎవరైనా తీసుకుపోతే చాలనుకున్న ఊక అది. మాలాంటి కేంద్రాలు నాలుగు వచ్చి, ఇటుక బట్టీల వాళ్లూ పోటీ పడేసరికి దానికి రాచమర్యాదలు వచ్చాయి. అటు జామాయిల్ తోటలు మా చుట్టూ ఎటు చూసినా ఉన్నాయి. కర్ర కాగితం మిల్లులకు పోతుంది. తొక్క అక్కడే ఒలిచేస్తారు. కొనకొమ్మలు, బెరడు, ఆకు అంతా తోటలోనే పడి ఉంటుంది. వేసవిలో ఎవడైనా బీడీ ముక్క పారేస్తే తోట మొత్తం అంటుకుంటుందని కాపలావాళ్లు భయపడేవారు. ఎత్తుకుపోతామంటే సంతోషించారు. కాగితాలు, అనుమతులు కాంట్రాక్టరు చూసుకున్నాడు. దాదాపు ఊరికే వస్తున్న ఇంధనం అని మేనేజరుగారు సంబరపడ్డారు.

ఊరికే వచ్చే ఇంధనం ఉండదని నెలలోపే తెలిసింది. పది టన్నుల లారీలో బెరడు నింపితే మూడు టన్నులకే గుట్టలా పొంగిపోయేది. మూడు టన్నులకు పది టన్నుల డీజిలు. ఇక ఆ బెరడు పీచు సంగతి. మూరల కొద్దీ నారలా ఊడుతుంది. బంకరు కింద ఇంధనాన్ని తోసే స్క్రూకు అది చుట్టుకుని, చుట్టుకుని, గంటలో మగ్గం మీద నూలు కండెలా తయారయ్యేది. స్క్రూ ఆపి, ఇద్దరు మనుషులు కొడవళ్లతో దాన్ని కోసి తీసేవాళ్లు. పక్క ఫీడరుతో బండి లాగుతూ ఉండగానే ఇది జరగాలి.

అంతకంటే పెద్ద శత్రువు ఇసుక. బెరడును నేల మీద ఈడ్చి పోగు చేస్తారు. మా ప్రాంతం నేల ఇసుక నేల. ల్యాబులో గ్రాము బెరడు కాల్చి బూడిద తూస్తే 18 శాతం వచ్చింది. శుభ్రమైన కట్టెకు ఒకటి, రెండు శాతం మించదు. మిగిలినదంతా ఇసుకే. ఊకలోనూ బూడిద అంతే ఉంటుంది కదా, ఏం ఫరవాలేదని నేనే సంతకం పెట్టాను. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఊక బూడిద దాదాపు అంతా సిలికానే, దానంతట అది అంత తేలిగ్గా కరగదు. కట్టె బూడిదలో, ముఖ్యంగా ఆకులో, లేత కొమ్మలో పొటాష్ ఎక్కువ. ఇసుక, పొటాష్ కలిసి వేడెక్కితే గాజు తయారవుతుంది. గాజు బట్టీవాడు కావాలని చేసే పనిని మేము తెలియక చేశాం. మూడో రాత్రి రెండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి లోడు 6 మెగావాట్ల నుంచి మూడున్నరకు పడిపోయి ఉంది. తలుపు సందులోంచి నీలి అద్దాల కళ్లజోడు పెట్టుకుని చూస్తే గ్రేటు మీద, అంటే ఇంధనం మండే ఇనుప జాలీ మీద, ఎర్రగా, జిగటగా, బెల్లం పాకంలా ఏదో పరుచుకుని ఉంది. క్లింకర్. కమ్మరి కొలిమి దగ్గర చిట్టెం చూసిన వాళ్లకు తెలుస్తుంది, ఇది దానికి పదింతల పెద్దన్న. అది గడ్డకట్టిన చోట కింది నుంచి గాలి రాదు, గాలి రానిచోట మంట లేదు.

పన్నెండడుగుల గడపారలతో మనిషి మార్చి మనిషి తెల్లవారే దాకా పొడిచారు. ఒక్కొక్కరు మూడు నిమిషాల కంటే ఆ తలుపు దగ్గర నిలబడలేరు. ఫోర్‌మన్‌గారు నాతో ఒక్క మాట అనలేదు. ఆరు గంటలకు బాయిలర్ ఆపేయమని చెప్పి, టీ తాగుతూ, “బాబూ, నీళ్లే అనుకున్నాను. మీకు మట్టి కూడా అప్పజెప్పాలి,” అన్నారు.

తర్వాత మేము చేసిందంతా ఆ రాత్రి నేర్పిందే. బెరడు ఒక్కదాన్నే తీసుకోవడం మానేశాం. కొనకొమ్మలను కొట్టిన చోటే, నేలకు తగలకుండా రెండు దుంగల మీద పేర్పించి, ఆరు వారాలు తోటలోనే వదిలేయమన్నాం. ఎండకు తేమ 50 నుంచి 25కు దిగేది, లారీలో నీళ్లు మోసే బాధ తగ్గేది. అంతకంటే మేలైన సంగతి, ఆకులన్నీ అక్కడే రాలిపోయేవి. పొటాష్ అంతా ఆకులోనే ఎక్కువ. మా గ్రేటును పాడుచేసేది ఆ నేలకు ఎరువు. లారీ దించేచోట ఏటవాలుగా ఇనుప జల్లెడ బల్ల పెట్టి, దాని మీదుగా కట్టె జారేలా చేశాం. మొదటి వారంలో ఆ బల్ల కింద పోగైన ఇసుకతో కాటా గది ముందు గుంతలన్నీ పూడ్చాం.

*

ఇంతలో మేనేజరుగారు ఏదో సమావేశానికి వెళ్లి కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చారు. 2003 చివర విజయవాడలో 6 మెగావాట్లు, షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లు చెత్త ఇంధనంతో మొదలయ్యాయి కదా, మన పక్క పట్టణం చెత్త మనం ఎందుకు వాడకూడదు అని. ఆ కేంద్రాల్లోనూ చెత్తకు తోడుగా ఊక కలిపేవారని అప్పటికే విన్నాను. చెత్తతో పొయ్యి వెలగాలంటే ఊక ఎందుకు అని నాకు అనుమానం వచ్చినా, క్లింకర్ వ్యవహారం తర్వాత నా అనుమానాలకు యార్డులో విలువ తగ్గి ఉంది.

పట్టణం చెత్త ఎలాంటిదో తెలుసుకోవాలి. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి, ఆరు టన్నుల టిప్పరు ఒకటి డంపింగ్ యార్డులో టార్పాలిన్ మీద దింపించాను. చెత్తకు నమూనా తీయడానికి ఒక పద్ధతి ఉంది. కుప్ప పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. వంద కిలోలు మిగిలేదాకా ఇదే. తర్వాత దాన్ని చేత్తో ఏరి, రకాలవారీగా తూయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గంజి పెట్టిన చొక్కా వేసుకుని వెళ్లాను. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేదు.

ఏరే పనికి అక్కడే చెత్త ఏరుకునే ఆడవాళ్లు నలుగురిని కూలికి పిలిచాను. నేను ఒక కవరును చేతిలో తిప్పి చూసేలోగా వాళ్లు ఇరవై వస్తువులు వేరు చేసేవారు. వంద కిలోల్లో 41 కిలోలు కుళ్లేది, అంటే వంటింటి చెత్త, కూరగాయల మార్కెట్ తుక్కు, అరటి బోదెలు, పూలదండలు. 27 కిలోలు మట్టి, ఇటుక ముక్కలు, కాలువల నుంచి తీసిన పూడిక. కొబ్బరి బోండాలు, చిప్పలు, కొమ్మలు 9 కిలోలు. తడిసిన కాగితం, అట్ట 8. ప్లాస్టిక్ 7. గుడ్డలు, గోనెలు 6. గాజు, రబ్బరు వగైరా 2. ముందురోజు రాత్రి వాన పడింది. మొత్తం మీద తేమ 56 శాతం. వేడి కిలోకు 900 కిలోకాలరీలకు కాస్త అటూఇటూ. తర్వాత 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో, 1,500 కిలోకాలరీలు ఆపైన వేడినిచ్చే, తిరిగి వాడుకోలేని చెత్తను పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి అని రాశారు. మా నమూనా ఆ గీతకు చాలా కిందనే ఉంది. నిజానికి దాన్ని వెలిగిస్తే దానంతట అది మండదు, పక్కన ఇంకోటి తోడు మండాలి. ఊక ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఏరుతున్నవాళ్లలో పెద్దామె నన్ను అడిగింది, ఇదంతా ఎందుకని. కరెంటు కోసం అమ్మా, మండేదంతా వేరు చేసి తీసుకుపోతాం అన్నాను. ఆమె చేతిలోని అట్టముక్క నాకు చూపించింది. “మీకు మండేదే బాబూ మాకు అమ్ముడుపోయేది. ఇది తీసుకుపోతే మాకు ఆ అరటి బోదెలు మిగులుతాయి,” అంది. నా దగ్గర జవాబు లేదు. నివేదికలో ఆ మాట రాశాను. పైనుంచి వచ్చిన ప్రతిలో ఆ వాక్యం లేదు.

కాలుష్య నియంత్రణ మండలి నుంచి ప్రయోగానికి అనుమతి వచ్చింది, ప్లాస్టిక్ పూర్తిగా తీసేయాలన్న షరతుతో. షరతు న్యాయమైనదే. ప్లాస్టిక్‌లో, ముఖ్యంగా పీవీసీలో, క్లోరిన్ ఉంటుంది. అలాంటి చెత్త కాల్చే పొయ్యిలో పొగ కనీసం 850 డిగ్రీల వేడిలో 2 సెకన్లు ఉండాలి, తర్వాత ఆమ్లాలను కడిగే ఏర్పాటు ఉండాలి, డయాక్సిన్లనే విషాలను పట్టే ఏర్పాటు ఉండాలి. మా చిమ్నీకి ఉన్నది దుమ్ము పట్టే యంత్రం ఒక్కటే. పైగా ఆ క్లోరిన్, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను చెదపురుగులా తింటుంది. కాబట్టి తీసేయాల్సిందే. కానీ ఆ కుప్పలో నీళ్లు తాగకుండా, వేడి దాచుకుని ఉన్న వస్తువు ఏదైనా ఉంటే అది ప్లాస్టికే. అది తీసేశాక మా చేతిలో మిగిలింది తడి కాగితం, గుడ్డలు, కొబ్బరి.

ఐదు వారాలు నడిపాం. సిమెంటు గచ్చు మీద అరడుగు మందాన పరిచి, రోజుకు మూడుసార్లు తిరగేసి, ఐదు రోజులు ఎండబెట్టడం. పాత డ్రమ్ముకు రంధ్రాలు కొట్టించి మోటారుతో తిప్పితే మట్టి కిందికి, మిగతాది ముందుకు. మేకులకు అయస్కాంతం. తర్వాత ముక్కలు కొట్టడం. 40 టన్నులు వేస్తే 7 టన్నుల ఇంధనం వచ్చేది. నల్లగా, దూదిలా, ముట్టుకుంటే పొడిగా, ఒక్కోసారి అందులో సినిమా పోస్టరు హీరో కన్ను కనిపించేది. తుమ్మ ముక్కలతో పదోవంతు కలిపి పంపితే బాయిలర్ పెద్దగా పట్టించుకోలేదు. రెండో వారంలో మాత్రం ఒక పట్టుచీర ముక్కలు కాకుండా తప్పించుకుని స్క్రూకు చుట్టుకుంది. జరీ అంచు తెగలేదు. ఎవరి పెళ్లి చీరో, లైను గంటన్నర ఆపింది.

కంపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గచ్చు మీద నుంచి కారిన నల్లటి నీళ్లు యార్డు దాటి కాలువ దారి పట్టాయి. ఈగలు క్యాంటీన్‌ను ఆక్రమించుకున్నాయి. ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసినవాళ్లు కూడా ఈ పని మాకొద్దన్నారు. మూడో వారం పక్క ఊరివాళ్లు పెద్దమనుషులతో వచ్చి గేటు ముందు కూర్చున్నారు. కట్టెలు కాల్చుకుంటామని భూమి తీసుకున్నారు, ఊరి చెత్త తెచ్చి మా నెత్తిన పోస్తారా అని అడిగారు. తప్పేమీ లేదు, నేనైనా అడిగేవాణ్ని. నాలుగో వారం వానలు మొదలయ్యాయి. గచ్చు మీద పైకప్పు లేదు. 22 శాతానికి ఎండబెట్టిన ఇంధనం ఒక్క రాత్రిలో 48 శాతానికి తిరిగి వెళ్లింది. ఐదో వారంతో ప్రయోగం ముగిసింది.

అయితే పూర్తిగా వదిలేయలేదు. ఆ చెత్తలోంచి రెండు వస్తువులు మా దగ్గర నిలిచాయి. ఒకటి కొబ్బరి. బోండాల బళ్ల వాళ్లు పారేసే కాయలు పచ్చిగా ఉన్నప్పుడు ముప్పాతిక పైన నీళ్లే. నాలుగు చెక్కలుగా నరికి మూడు వారాలు ఎండనిస్తే మంచి ఇంధనం. కోయకుండా పారేస్తే దోమల పెంపకం. బళ్ల దగ్గరే నరికి వేసేలా మున్సిపాలిటీ కుర్రాళ్లు ఒప్పించారు. రెండోది, కరెంటు తీగల కింద వానాకాలం ముందు కొట్టే చెట్ల కొమ్మలు. అడవి కొమ్మలకంటే ఇవే శుభ్రంగా ఉంటాయనుకున్నాను, తారురోడ్డు మీద పడతాయి కదా, ఇసుక అంటదు అని. అంటలేదు నిజమే. కానీ పట్టణంలో చెట్టంటే ప్రకటన అంటించే గోడ. ఫ్లెక్సీలు కట్టిన ఇనుప తీగలు, ట్యూషన్ల బోర్డులు కొట్టిన మేకులు చెక్కలోపలికి పెరిగిపోయి ఉంటాయి. కట్టెను ముక్కలు కొట్టే చిప్పర్ కత్తులు అడవి కట్టెకు పది రోజులు ఆగేవి పట్టణం కట్టెకు మూడు రోజులకే మొద్దుబారేవి. ఒక వేపమానులో పాత ఎన్నికల మేకులు ఇరవై రెండు లెక్కపెట్టాను. అన్ని పార్టీలవీ అందులో సమానంగా తుప్పుపట్టి ఉన్నాయి.

ఈ రెండూ కలిపి రోజుకు సగటున 6 టన్నులు. నెల తర్వాత ఆ అంకె ఫోర్‌మన్‌గారికి గర్వంగా చూపించాను. ఆయన వేళ్ల మీద లెక్కవేసి, “ముప్పావు గంట భోజనం. ఫరవాలేదు, పచ్చడి మెతుకులైనా వద్దనకూడదు,” అన్నారు.

ఆ కేంద్రం ఇప్పుడు నడవడం లేదు. ఇంధనం ధర ఏటా పెరిగింది, యూనిట్‌కు వచ్చే ధర దానితో సమానంగా పరుగెత్తలేదు. రాష్ట్రంలో మాలాంటివి ఇంకా చాలా ఇలాగే ఆగాయి. విజయవాడ, షాద్‌నగర్ కేంద్రాలూ ఆగిపోయాయి. ఇప్పుడు పెద్దవి వచ్చాయి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్లతో 2020లో మొదలైంది, 2022 నుంచి గుంటూరు దగ్గర, విశాఖ కాపులుప్పాడలో నడుస్తున్నాయి. ఇలాంటి కేంద్రం ఒకటి చూసే అవకాశం ఈ మధ్య దొరికింది. వెంట ఉన్న కుర్ర ఇంజినీరు కంట్రోల్ రూమ్‌లో తెరలన్నీ చూపించాడు. నా కళ్లు చెత్త గుంత దగ్గరే ఆగిపోయాయి. నాలుగైదు అంతస్తుల లోతున చెత్త పోసి, కొన్ని రోజులు అలా ఉంచుతారు. పైన క్రేను పంజా దాన్ని ఎత్తి, వదిలి, కలుపుతూ ఉంటుంది. అడుగున జాలీల్లోంచి నల్లటి నీళ్లు కాలువలోకి కారిపోతూ ఉంటాయి. పైకప్పు ఉంది. మేము గచ్చు మీద పారలతో చేయబోయిందే అది, గోడలు కట్టి సరిగా చేస్తున్నారు. గంటకు ఎన్ని నీళ్లు కారతాయని అడిగితే ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు, వచ్చినవాళ్లంతా ఎన్ని యూనిట్లని అడుగుతారట.

పోయిన నెల ఒక చిన్న పట్టణం నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో నా నంబరు ఇచ్చారట. చెత్తతో, చుట్టుపక్కల తుమ్మ కంపతో కరెంటు తీయాలని ఆలోచన ఉందని, ఎన్ని మెగావాట్లు వస్తాయో చెప్పగలరా అని అడిగారు. చెత్త పోసేచోట పైకప్పు ఉందా అండీ అని అడిగాను. ఉండకపోవచ్చన్నారు. కాలువల పూడిక ఆ బండిలోనే వేస్తారా, వేరే బండిలోనా అని అడిగాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. కనుక్కుని మళ్లీ చేస్తామన్నారు.

ఇంకా చేయలేదు. ఇక్కడ నాలుగు రోజులుగా వాన.